బానిసత్వం రద్దయిన తరువాత: సాపెలో ద్వీపవాసుల స్వేచ్ఛా పోరాటం

బానిసత్వ చరిత్ర వ్రాసేవారు సాధారణంగా ఒక తేదీ దగ్గర కలం ఆపుతారు. ట్యునీసియాలో 1846, అమెరికాలో 1865, బ్రెజిల్‌లో 1888, సౌదీ అరేబియాలో 1962, మారిటేనియాలో 1981. ఆ తేదీన ఒక శాసనం వెలువడింది, సంకెళ్ళు తెగిపోయాయి, కథ ముగిసింది అనే భావం పాఠకుని మనస్సులో మిగిలిపోతుంది. విడుదలైన మనిషి మరునాటి ఉదయం ఎవరి నేల మీద నిలబడ్డాడు? ఏం తిన్నాడు? తనకు అన్యాయం జరిగితే ఎవరి ముందుకు వెళ్ళి చెప్పుకున్నాడు? ఈ ప్రశ్నలకు ఆ తేదీలో సమాధానం దొరకదు. పౌరహక్కుల పోరాటం అని మనం పిలిచేది నిజానికి ఈ ప్రశ్నల నుండే పుట్టింది.

ఈ ప్రశ్నలను పరిశీలించడానికి అమెరికాలోని జార్జియా రాష్ట్రపు సముద్రతీరంలో ఉన్న సాపెలో అనే చిన్న ద్వీపాన్ని తీసుకుందాం. ఇందుకు రెండు కారణాలున్నాయి. విముక్తులైన బానిసలకు ప్రభుత్వం భూమి పంచిన ప్రాంతంలో ఈ ద్వీపం కూడా ఉంది. రెండవ కారణం మన పాఠకులకు మరింత సన్నిహితమైనది. ఆ ద్వీపంలో బానిసగా బ్రతికిన ఒక ముస్లిం అరబీ లిపిలో వ్రాసిన కాగితాలు నేటికీ భద్రంగా ఉన్నాయి.

పదాల వెనుక ఉన్న భావం

ద్వీపంలోకి అడుగుపెట్టే ముందు కొన్ని పదాలను చూడాలి. అనువాదం చేసేవారికి ఈ పదాలు తరచు ఎదురవుతాయి. బానిసను విడుదల చేయడాన్ని ఇంగ్లీషులో మాన్యుమిషన్ అంటారు. ఎమాన్సిపేషన్ అని కూడా అంటారు. రెండింటికీ మూలం లాటిన్ భాషలో 'చెయ్యి' అనే అర్థం గల పదం. అంటే యజమాని చేతిలో నుండి వదిలివేయడం. దివ్య ఖుర్‌ఆన్ ఈ సందర్భంలో 'రఖబా' అనే పదాన్ని వాడింది. దానికి 'మెడ' అని అర్థం. 'బలద్' సూరాలో మెడను విడిపించడాన్ని కష్టమైన ఎక్కుడు దారిగా వర్ణించింది. 'తౌబా' సూరా 60వ ఆయత్‌లో జకాత్ ధనం ఖర్చు చేయవలసిన ఎనిమిది పద్దులలో మెడలు విడిపించడాన్ని ఒకటిగా చేర్చింది. ఒక భాష యజమాని చేతి వైపు నుండి చూస్తే, మరొకటి బరువు మోస్తున్నవాని మెడ వైపు నుండి చూసింది. చెయ్యి వదలగానే యజమాని పని అయిపోతుంది. మెడ మీది బరువు దిగిందా లేదా అన్నది మాత్రం విడుదలైనవాడే చెప్పాలి.

'నూర్' సూరా 33వ ఆయత్ మరొక అడుగు ముందుకు వేసింది. బానిస తన విడుదలకై వ్రాతపూర్వకమైన ఒప్పందం కోరితే, అతనిలో మేలు కనిపిస్తే, ఆ ఒప్పందం చేసుకోవాలని యజమానులను ఆదేశించింది. అంతటితో ఆగక, అల్లాహ్ మీకిచ్చిన ధనంలో నుండి వారికి ఇవ్వండి అన్న భావాన్ని కూడా అక్కడే జోడించింది. ఈ ఒప్పందానికే ఫిఖ్హ్ పరిభాషలో 'ముకాతబా' అని పేరు. పత్రమూ ధనమూ ఒకే ఆయత్‌లో ప్రక్కప్రక్కన ఉండటం గమనార్హం.

మహాప్రవక్త (స) కాలంలో ఇది ఎలా అమలయిందో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) జీవితంలో చూడవచ్చు. ఆయన విడుదలకు యజమాని పెట్టిన షరతు 300 ఖర్జూరపు మొక్కలు, 40 ఊఖియాల బంగారం. మీ సోదరునికి సహాయం చేయండని మహాప్రవక్త (స) చెప్పగా సహాబాలు ఒకరు ముప్పై, ఒకరు ఇరవై, ఒకరు పది చొప్పున మొక్కలు తెచ్చారు. గుంతలు తవ్విన తరువాత మహాప్రవక్త (స) స్వయంగా తమ చేతులతో వాటిని నాటారు. ఒక మనిషి మెడను విడిపించడం సమాజమంతటి పని అయింది.

హజ్రత్ బరీరా (రజి) ఉదంతం పౌరహక్కుకు సంబంధించినది. తొమ్మిది ఊఖియాలు ఏడాదికి ఒకటి చొప్పున చెల్లించే ఒప్పందం చేసుకొని, ఆమె హజ్రత్ ఆయిషా (రజి) సహాయం కోరింది. ఆ సహాయంతో విడుదలయింది. అంతవరకూ ముగీస్ అనే బానిస ఆమెకు భర్త. విడుదల తరువాత ఆ వివాహంలో ఉండాలో వద్దో నిర్ణయించుకొనే హక్కు ఆమెకు వచ్చింది. ఆమె విడిపోవాలనుకుంది. ముగీస్ మదీనా వీధుల్లో కంటతడితో ఆమె వెంట తిరగడం చూసి మహాప్రవక్త (స) జాలిపడి, అతని తరఫున ఆమెతో మాట్లాడారు. ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనని ఆయన చెప్పారు. అలాగైతే తనకు అవసరం లేదని ఆమె నిర్ణయించుకుంది. నిన్నటి బానిస స్త్రీ, మదీనా అధినేత చేసిన సిఫారసును నిర్భయంగా కాదనగలిగింది. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. స్వేచ్ఛ అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి గీటురాయి దొరకదు.

ఈ గీటురాయిని చేతబట్టుకొని ఇక అమెరికా తీరానికి వెళదాం.

బిలాలీ ముహమ్మద్

పందొమ్మిదవ శతాబ్దం తొలి సంవత్సరాలలో థామస్ స్పాల్డింగ్ అనే భూస్వామి సాపెలో ద్వీపంలో పత్తి, చెరకు పండించేవాడు. అతని తోటలో పనివారిపై పెత్తనం చేసిన బానిస పేరు బిలాలీ ముహమ్మద్. నేటి గినీ దేశంలోని ఫూటా జాలోన్ ప్రాంతంవాడు. బహామా దీవులలో కొంతకాలం ఉంచి ఇక్కడికి తెచ్చారు. తానూ బానిసే అయినా తోటి బానిసలతో పని చేయించే స్థానం ఆయనది. ఆ స్థానంలోని చేదును మనం దాచనవసరం లేదు.

1850ల చివర ఆయన మరణించేనాటికి మిగిలింది 13 పేజీల వ్రాతప్రతి. అది దినచర్య అని చాలాకాలం పొరబడ్డారు. తోట లెక్కలని కొందరు ఊహించారు. 1940లో భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ దాని అసలు స్వరూపాన్ని వెల్లడించాడు. అందులో ఉన్నది వుజూ, అజాన్, నమాజులకు సంబంధించిన నియమాలు. క్రీ.శ. 996లో మరణించిన మాలికీ పండితుడు ఇబ్ను అబీ జైద్ అల్ ఖైరవానీ వ్రాసిన 'రిసాలా' నుండి గ్రహించినవి. పశ్చిమాఫ్రికా మదరసాలలో పిల్లలకు మొదట నేర్పే గ్రంథాలలో అది ఒకటి. చిన్ననాడు చదివిన పాఠాన్ని, పుస్తకమూ గురువూ లేని చోట, జ్ఞాపకం నుండి తడబడుతూ వ్రాసుకున్నాడాయన. పదాలలో తప్పులున్నాయి, వాక్యాలు మధ్యలో తెగిపోయాయి. ఆ వ్రాతప్రతి ఇప్పుడు జార్జియా విశ్వవిద్యాలయంలో ఉంది.

బిలాలీ స్వేచ్ఛను చూడలేదు. ఆయన సంతానం చూసింది. 1930ల చివర ఆయన వంశస్థులు చెప్పిన జ్ఞాపకాలను జార్జియా రచయితల బృందం సేకరించి 1940లో ప్రచురించింది. తమ ముత్తాత తస్బీహ్ పూసలతో ప్రార్థించేవాడనీ, నానమ్మ బియ్యప్పిండితో ఉండలు చేసి పిల్లలకు పంచేదనీ వారు చెప్పారు. ఆ ఉండలను వారు 'సరకా' అన్నారు. సదఖా అనే మాట ఆఫ్రికా మీదుగా ప్రయాణించి ఈ రూపం తీసుకుంది. అప్పటికి ఆ కుటుంబాలు క్రైస్తవులు. మతం మారినా, భాష మారినా, దానం చేయాలన్న మాట మాత్రం నోట నిలిచింది.

సవన్నాలో ఒక సాయంత్రం

అంతర్యుద్ధం ముగింపుకు వస్తున్న రోజులవి. 1864 డిసెంబరులో ఉత్తరాది సేనాని షెర్మన్ సవన్నా నగరాన్ని ఆక్రమించాడు. అప్పటికి దేశంలో బానిసల సంఖ్య దాదాపు 40 లక్షలు. లింకన్ 1863 జనవరి 1న విడుదల ప్రకటన చేసినా, ఆ విడుదలైనవారిని ఏం చేయాలో ఎవరికీ స్పష్టత లేదు. 1865 జనవరి 12 సాయంత్రం షెర్మన్, యుద్ధ మంత్రి స్టాంటన్ కలిసి 20 మంది నల్లజాతి మతగురువులను పిలిపించి వారినే అడిగారు. అమెరికా చరిత్రలో ఇది అరుదైన సంఘటన.

ఆ ఇరవై మంది తరఫున మాట్లాడినవాడు గారిసన్ ఫ్రేజియర్ అనే 67 ఏళ్ళ వృద్ధుడు. 1857లో 1,000 డాలర్ల బంగారం, వెండి చెల్లించి తననూ తన భార్యనూ విడిపించుకున్నవాడు. మన పరిభాషలో చెప్పాలంటే ముకాతబా చేసుకున్నవాని వంటివాడు, కాకపోతే అతనికి సహాయం చేయమని యజమానిని ఆదేశించే ఆయత్ అక్కడ లేదు. బానిసత్వం అంటే ఏమిటని అడిగితే, ఒకరి శ్రమను అతని సమ్మతి లేకుండా బలవంతంగా తీసుకోవడమని ఆయన చెప్పాడు. స్వేచ్ఛ అంటే తమ శ్రమఫలాన్ని తామే అనుభవించగలిగే స్థితి అన్నాడు. ఆ స్థితి ఎలా వస్తుందంటే, భూమి ఇవ్వండి, మేమే దున్నుకుంటాం, క్రమంగా దాన్ని కొనుక్కుంటాం అన్నాడు. బానిసత్వాన్ని అనుభవించినవాడు స్వేచ్ఛకు ఇచ్చిన నిర్వచనంలో మొదటి మాట నేల.

నాలుగు రోజుల తరువాత, జనవరి 16న, షెర్మన్ తన 15వ క్షేత్ర ఉత్తర్వు జారీ చేశాడు. చార్లెస్టన్ నుండి దక్షిణంగా ఉన్న ద్వీపాలు, తీరం నుండి 30 మైళ్ళ లోపలి వరకు నదుల వెంట వదిలిపెట్టిన వరిపొలాలు విముక్తులకు కేటాయించబడ్డాయి. కుటుంబానికి 40 ఎకరాల వరకు ఇవ్వాలని నిర్ణయం. జూన్ నాటికి దాదాపు 40,000 మంది 4 లక్షల ఎకరాలలో స్థిరపడ్డారు. సాపెలో ఆ హద్దులలోనిదే.

ఇచ్చిన నేల, లాగుకున్న నేల

ఆ పత్రాలలో ఒక లోపముంది. మన ఊళ్ళలో రైతుకు తెలిసిన భాషలో చెప్పాలంటే, వారికిచ్చింది అనుభవహక్కు మాత్రమే, శాశ్వత పట్టా కాదు. తుది నిర్ణయం అధ్యక్షునిది. ఏప్రిల్‌లో లింకన్ హత్యకు గురయ్యాడు. తరువాత వచ్చిన ఆండ్రూ జాన్సన్ మే 29న తిరుగుబాటుదారులకు క్షమాభిక్ష ప్రకటించి, బానిసలు తప్ప మిగిలిన ఆస్తి వారికి తిరిగి ఇస్తానన్నాడు. అంటే నేల కూడా పాత యజమానులదే.

ఈ వార్త చెప్పవలసిన పని విముక్తుల సంక్షేమ శాఖ అధిపతి జనరల్ హోవర్డ్ మీద పడింది. అక్టోబరులో ఆయన ఎడిస్టో ద్వీపానికి వెళ్ళి చర్చిలో జనానికి చెప్పాడు. అక్కడి ముగ్గురు సభ్యుల సంఘం ఆయనకూ, అధ్యక్షునికీ అర్జీలు వ్రాసుకుంది. తాము దేశానికి విశ్వాసంగా ఉన్నవారమనీ, తిరగబడినవారికి నేల ఇచ్చి తమను అదే యజమానుల దయకు వదలడం న్యాయమేనా అనీ వారి వాదన. ఫలితం లేకపోయింది. సాపెలోలోనూ స్పాల్డింగ్ వారసులు తిరిగివచ్చారు.

ఇక్కడ మరొక లెక్కను ప్రక్కన పెట్టి చూడాలి. 1862 ఏప్రిల్‌లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దు చేసినప్పుడు ఒక్కొక్క బానిసకు 300 డాలర్ల వరకు నష్టపరిహారం చెల్లించారు. అది బానిసకు కాదు, యజమానికి. బ్రిటన్ కూడా 1833 చట్టంతో 2 కోట్ల పౌనులు యజమానులకే కేటాయించింది. నూర్ సూరా ఏ చేతికి ధనం ఇవ్వమన్నదో, ఈ చట్టాలు సరిగ్గా ఆ చేతినే వదిలివేశాయి.

నేల లేనివాడు కూలికి పోవాలి. పోకపోతే 1865 చివర దక్షిణాది రాష్ట్రాలు చేసిన 'నల్ల చట్టాలు' అతన్ని తిరుగుబోతుగా ముద్రవేసి పట్టుకునేవి. పోతే సగపాలుకు సాగు, దుకాణంలో అప్పు, పంట వచ్చేసరికి పాతబాకీ. మన పాలికాపులకూ షావుకారుల పద్దులకూ ఉన్న సంబంధం తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనవసరం లేదు.

ట్యునిస్ క్యాంప్‌బెల్

నేల చేజారినా వారు చేతులు ముడుచుకోలేదు. ఆ పోరాటాన్ని ఒకే మనిషి జీవితంలో చూడాలంటే ట్యునిస్ క్యాంప్‌బెల్‌ను చూడాలి. 1812లో న్యూజెర్సీలో స్వతంత్రునిగా పుట్టిన నల్లజాతి మతప్రచారకుడు ఈయన. 1865లో సాపెలోతో సహా జార్జియా ద్వీపాలలో విముక్తుల స్థిరనివాసాన్ని చూసే అధికారిగా వచ్చాడు. సెయింట్ కాథరిన్స్ ద్వీపంలో బడులు పెట్టాడు, విముక్తులచేతనే పాలనసభను, రక్షకదళాన్ని ఏర్పాటు చేయించాడు. మరుసటి ఏడు ఆ ద్వీపం నుండి వెళ్ళగొడితే, ఎదురుగా ఉన్న మెకింటాష్ జిల్లాలో భూమి సంపాదించి అక్కడ తనవారిని కూడగట్టాడు.

1868లో రాష్ట్ర శాసనమండలికి ఎన్నికయ్యాడు. అదే ఏడు జులైలో 14వ సవరణ నల్లవారికి పౌరసత్వమూ సమాన రక్షణా ఇచ్చింది. సెప్టెంబరులో జార్జియా శాసనసభ నల్లజాతి సభ్యులను సభ నుండి బహిష్కరించింది. ఓటు వేసే హక్కు ఉన్నదేమో గాని పదవి చేపట్టే హక్కు లేదన్నది వారి వాదన. కేంద్రం జోక్యంతో 1870లో ఆ సభ్యులు తిరిగి చేరారు. క్యాంప్‌బెల్ తన జిల్లాలో న్యాయాధికారిగా కూడా పనిచేశాడు. ఒక నల్లకూలీ తనకు రావలసిన కూలి ఇవ్వలేదని తెల్లవాని మీద ఫిర్యాదు చేయగల చోటు ఒకటి ఏర్పడింది. విరోధులకు అన్నింటికంటె మింగుడుపడనిది ఇదే.

ఒక తెల్లవాణ్ణి అక్రమంగా నిర్బంధించాడన్న అభియోగం మీద ఆయనకు శిక్ష వేశారు. 1876లో, 63 ఏళ్ళ వయస్సులో, ఆయనను ఖైదీ కూలీగా ఒక తోట యజమానికి అద్దెకిచ్చారు. ఇది చట్టవిరుద్ధం కాదు. 1865 డిసెంబరులో అమలులోకి వచ్చిన 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగా తప్ప అని ఒక మినహాయింపు పెట్టుకుంది. జార్జియాలో ఖైదీలను అద్దెకిచ్చే పద్ధతి 1908 వరకు సాగింది. దాదాపు ఏడాది తరువాత విడుదలైన క్యాంప్‌బెల్ రాష్ట్రం విడిచివెళ్ళి, తన బాధలను పుస్తకంగా వ్రాసి, 1891లో బోస్టన్‌లో మరణించాడు. న్యాయపీఠం మీద కూర్చున్న స్వతంత్రుడు కూడా ఒక్క మినహాయింపు ద్వారా బానిసవలె అద్దెకు వెళ్ళగలిగాడంటే, రద్దు ఎంతవరకు రద్దో ఆలోచించాలి.

తరువాతి కథ విదితమే. 1877లో జార్జియా తలపన్ను బాకీ ఉన్నవారికి ఓటు లేకుండా చేసింది. 1896లో సుప్రీంకోర్టు వేరుచేసినా సమానమేనని తీర్పిచ్చింది. పౌరహక్కుల చట్టం 1964లో, ఓటుహక్కు చట్టం 1965లో వచ్చేవరకు, అంటే రద్దు తరువాత సరిగ్గా వందేళ్ళు, 14, 15 సవరణలు దక్షిణాదిలో చాలావరకు కాగితానికే పరిమితమయ్యాయి.

సొంత సొమ్ముతో కొన్న నేల

సాపెలోవాసులు మాత్రం ప్రభుత్వం లాగుకున్నదాన్ని కొనుక్కోవడం మొదలుపెట్టారు. 1871లో విలియం హిలరీ, జాన్ గ్రోవ్‌నర్, బిలాలీ బెల్ అనే ముగ్గురు విముక్తులు కలిసి సంస్థగా ఏర్పడి, ద్వీపంలోని రాకూన్ బ్లఫ్ వద్ద సుమారు 1,000 ఎకరాలు కొన్నారు. తమ వంతు ఉంచుకొని మిగిలినది చిన్న కమతాలుగా ఇతర కుటుంబాలకు అమ్మారు. ఆ ముగ్గురిలో ఒకని పేరు బిలాలీ కావడం చూడండి. మక్కాలో బండ క్రింద నలిగిన హజ్రత్ బిలాల్ (రజి) పేరు ఆఫ్రికా మీదుగా వచ్చి, జార్జియా ద్వీపంలో భూమి కొన్న విముక్తుని పేరుగా నిలిచింది.

ఆ నేల కూడా నిలకడగా ఉండలేదు. 1934లో ద్వీపంలో అధికభాగం పొగాకు వ్యాపార కుటుంబ వారసుడు ఆర్.జె. రేనాల్డ్స్ జూనియర్ చేతికి వచ్చింది. 1950లు, 60లలో ఆయన వేరువేరు పల్లెల వారిని హాగ్ హామక్ అనే ఒకే చోటికి తరలించాడు. ద్వీపంలో పని ఇచ్చేదీ, పడవ నడిపేదీ ఆయనే గనుక తాము కాదనలేకపోయామని అక్కడివారు చెబుతూ వచ్చారు. 2023 సెప్టెంబరులో జిల్లా పాలకమండలి హాగ్ హామక్‌లో ఇళ్ళ పరిమాణాన్ని 1,400 చదరపు అడుగుల నుండి 3,000కు పెంచింది. బయటి ధనికులు వచ్చి పెద్ద ఇళ్ళు కడితే భూమిపన్ను పెరిగి తాము నిలవలేమన్నది ద్వీపవాసుల ఆందోళన. 1865లో ఫ్రేజియర్ చెప్పిన మాటకు ఇంతకాలం తరువాత కూడా కాలం చెల్లలేదు.

మన ఇంటి లెక్క

ఇంతవరకు చదివి, చూశారా, ఇస్లాం ముందే చెప్పింది, వారు చేయలేదు అని తృప్తిపడితే మనం చరిత్రకు న్యాయం చేసినవారము కాము. ముకాతబా ఆదేశాన్ని మనవారు ఎలా అర్థం చేసుకున్నారో కూడా చూడాలి. హజ్రత్ అనస్ (రజి) తన బానిస సీరీన్‌తో ఒప్పందానికి ఒప్పుకోనప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆయనను ఒప్పించక విడువలేదు. అంటే దాన్ని విధిగానే భావించారు. తరువాతి ఫిఖ్హ్‌లో అధిక సంఖ్యాకులు దాన్ని అభిలషణీయం మాత్రమేనన్నారు. ధనం ఇవ్వడం, అంటే ఒప్పంద సొమ్ములో కొంత వదలివేయడం, ఇమామ్ షాఫయీ దృష్టిలో విధి. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ మాలిక్‌ల దృష్టిలో అభిలషణీయం. పండితుల భేదాభిప్రాయాలకు వారి ఆధారాలు వారికున్నాయి. కాని సమాజంలో బలవంతుడు అభిలషణీయమన్నదాన్ని తనకిష్టమైతే అన్న అర్థంలోకి దించుకుంటాడు.

మారిటేనియా ఉదాహరణ కళ్ళముందుంది. 1981లో రద్దు శాసనం వచ్చినప్పుడు నష్టపరిహారం ప్రస్తావన యజమానులకు సంబంధించినదే. బానిసను ఉంచుకోవడం నేరమని చెప్పే చట్టం 2007లో గాని రాలేదు. నేల, చదువు, సాక్ష్యం విషయాలలో పూర్వపు బానిసల సంతతి అయిన హరాతీన్లు చాలాకాలం వెనుకబడి ఉన్నారు. 2012 ఏప్రిల్‌లో వారి నాయకుడు బిరామ్ దాహ్ అబీద్, బానిసత్వాన్ని సమర్థిస్తున్నాయంటూ కొన్ని మాలికీ ఫిఖ్హ్ గ్రంథాలను బహిరంగంగా తగులబెట్టాడు. దేశం అట్టుడికింది, ఆయన జైలు పాలయ్యాడు.

గ్రంథాన్ని కాల్చడం విద్యార్థి అయిన ఏ ముస్లింకూ నచ్చదు. కాని ఈ రెండు దృశ్యాలను ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. సాపెలోలో ఒక బానిస మాలికీ గ్రంథాన్ని జ్ఞాపకం నుండి ఒక్కొక్క అక్షరంగా కూడదీసి వ్రాసుకున్నాడు, ఎందుకంటే తనను మనిషిగా నిలబెట్టినది అదే. నువాక్‌షూత్‌లో ఒక బానిస సంతతివాడు అదే మజ్‌హబ్ గ్రంథాలను నిప్పులో వేశాడు, ఎందుకంటే తన మెడ మీద బరువు పెట్టినవాని చేతిలో అతనికి కనిపించింది అవే. మజ్‌హబ్ ఒకటే. తేడా దాన్ని పట్టుకున్న చేతులలో ఉంది. గ్రంథం గౌరవాన్ని కాపాడాలనుకునేవారు ముందుగా ఆ మెడల లెక్క చూడాలి.

సాపెలో చరిత్ర నేర్పే పాఠం ఇదే. రద్దు శాసనం యజమాని చేతిని తొలగిస్తుంది. మెడ మీద బరువు దిగడానికి మరో మూడు కావాలి: లాగుకోవడానికి వీలులేని జీవనాధారం, ఫిర్యాదు వినే న్యాయపీఠం, మినహాయింపులు లేని చట్టం. బరీరా (రజి)కి కాదనగల ధైర్యం వచ్చింది ఆమె స్వభావం వల్లనే కాదు, ఆమె వెనుక సొమ్ము చెల్లించిన చెయ్యి ఉంది, ఆమె మాటను చెల్లించిన న్యాయం ఉంది. ఫ్రేజియర్ అడిగిందీ, క్యాంప్‌బెల్ కోల్పోయిందీ, సాపెలోవాసులు కాపాడుకోజూస్తున్నదీ అదే. జకాత్ పద్దులలో మెడల విడుదలకు ఉన్న స్థానం పాతకాలపు మాటగా మిగిలిపోకూడదంటే, అప్పులో, వెట్టిలో, పట్టాలేని నేల మీద నేడు వంగి ఉన్న మెడలను వెదకి లెక్కించే పని మన ఉలమాలదీ, మన బైతుల్ మాల్ సంస్థలదీ.